డబ్బు కట్టే సాఫ్ట్‌వేరా, ఫ్రీదా? మాఘం ముహూర్తాల లోపు తేల్చుకోవాలి

పాలకొల్లు_ప్రెస్
మాది పాలకొల్లులో చిన్న ప్రెస్సు. శుభలేఖలు, బిల్లు బుక్కులు, దినకార్యం కార్డులు, అప్పుడప్పుడూ ఫ్లెక్సీ డిజైన్లు. మూడు సిస్టములు. నాన్నగారి కాలం నుంచీ పేజీలు కట్టే పేజ్‌మేకర్, అను అనే తెలుగు ఫాంట్ల మీదే బండి నడిచింది. ఇప్పుడు అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, మా సిస్టముల్లో రెండిటికి 11 ఎక్కదంట. డిజైన్ సాఫ్ట్‌వేర్ కొత్తది కావాలంటే ఏటా కట్టుకుంటూ పోవాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రెన్యువల్ కట్టమని దాని డీలరు రోజూ ఫోను.

మావాడు కాకినాడలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. "ఇవన్నీ ఫ్రీగా దొరుకుతుంటే డబ్బులెందుకు తగలేస్తావ్ నాన్నా" అని సెలవుల్లో కూర్చుని ఇంక్‌స్కేప్ అనే ఉచిత డిజైన్ సాఫ్ట్‌వేర్లో ఒక శుభలేఖ చేశాడు. స్క్రీన్ మీద ముత్యాల్లా ఉన్నాయి అక్షరాలు. ఒత్తులు, వట్రసుడులు ఏవీ విడిపోలేదు. సంతోషించి పీడీఎఫ్ భీమవరం పంపి ప్లేట్లు తీయించి 500 కార్డులు కొట్టించా. తీరా చూస్తే ప్రతి నల్లక్షరం పక్కన సన్నగా నీలం నీడ. పెళ్ళికూతురు తండ్రి కార్డు గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతుర్లో తిప్పి తిప్పి చూసి, "ఏవండీ, మా అమ్మాయి పేరు రెండుసార్లు పడిందేంటి?" అన్నారు. మళ్ళీ నా ఖర్చుతో కొట్టిచ్చా.

ఫ్రీది వాడితే ఇలా ఉంది. పోనీ డబ్బు కడితే ఆ డబ్బు దేనికి కడుతున్నట్టో కూడా తెలియట్లేదు. వాడుతున్నవాళ్ళు చెప్పండి, తెలియనివాళ్ళు సలహాలివ్వద్దు.

కొబ్బరాకు
చివరి లైనుతో నాలాంటివాళ్ళం పది మందిమి బయటికెళ్ళిపోయాం.

మండపేట_మిల్లు
రైస్ మిల్లులో లెక్కలు చూస్తా, పద్దెనిమిదేళ్ళ నుంచి. నా మాట ఒకటే, వ్యాపారానికి డబ్బు కట్టిందే వాడాలి. మేం ట్యాలీ వాడతాం. అది గొప్పదనో అందంగా ఉంటుందనో కాదు. మా గుమాస్తా రేపు పొద్దున మానేసి వెళ్ళిపోతే, సాయంత్రానికి అది తెలిసిన ఇంకో కుర్రాడు మండపేటలోనే దొరుకుతాడు. ఇక్కడ కాకపోతే తణుకులో, రామచంద్రపురంలో. మీ ఫ్రీ సాఫ్ట్‌వేర్ తెలిసిన గుమాస్తాని తెచ్చి చూపించండి చూద్దాం.

ఇంకో సంగతి. ధాన్యం లెక్కకి ఒకాయన చేత విడిగా ప్రోగ్రాం రాయించుకున్నాం. క్వింటా ధాన్యానికి 67 కిలోల బియ్యం ప్రభుత్వానికి ఇవ్వాలి, అది పచ్చిబియ్యం అయితే. ఉప్పుడుబియ్యం అయితే 68. నూక, తవుడు, ఊక, గోనె సంచులు అన్నీ అందులోనే. మంచి డబ్బే ఇచ్చాం. ఆయన కెనడా వెళ్ళిపోయాడు. ప్రోగ్రాం ఇంకా నడుస్తోంది గానీ అందులో ఏ చిన్న మార్పు కావాలన్నా, వాళ్ళకి పగలయ్యేదాకా కూర్చుని వాట్సాప్ చేస్తున్నాం.

టెర్మినల్_తమ్ముడు
మాది రాజోలు, ఉద్యోగం హైదరాబాద్. పాలకొల్లు గారూ, ముందు మీ కార్డు సంగతి. అది ఫ్రీ సాఫ్ట్‌వేర్ తప్పు కాదండి. ఇంక్‌స్కేప్ స్క్రీన్ రంగుల్లో, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి పనిచేస్తుంది. మీ ఆఫ్‌సెట్‌కి కావలసింది నాలుగు సిరాలు: సయాన్, మెజెంటా, ఎల్లో, నలుపు. స్క్రీన్ రంగుల్లో ఉన్న నలుపుని ప్లేట్లు తీసే చోట మార్చినప్పుడు అది ఒక్క నల్ల ప్లేటు మీద పడదు, నాలుగు ప్లేట్ల మీదా తలా కొంచెం పడుతుంది. మిషన్ మీద ఒక ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరం వెనక నీడ వచ్చేస్తుంది. పెద్ద బొమ్మలో అది కనపడదు, చిన్న అక్షరంలో దాగదు.

ఆ పని స్క్రైబస్‌లో చేయాల్సింది. అది పుస్తకాలు, కార్డుల పేజీలు కట్టడానికే పుట్టింది. నాలుగు రంగులూ దానికి తెలుసు, ఏ ప్లేటు మీద ఏం పడుతుందో ముందే విడివిడిగా చూపిస్తుంది. ఒకప్పుడు దానిలో తెలుగు విరిగిపోయేది, నిజమే. 1.5.3 నుంచి మన లిపి సరిగ్గా కూర్చుంటోంది, 2024 జనవరిలో వచ్చిన 1.6 స్థిరమైన వెర్షన్. ఫాంట్లకి కూడా డబ్బక్కర్లేదు. రామభద్ర, మండలి, సురవరం, గిడుగు, ధూర్జటి అన్నీ ఉచితం, అచ్చుకీ అమ్మకానికీ వాడుకోవచ్చు.

అన్నట్టు డబ్బు కట్టిన సాఫ్ట్‌వేర్లో అదే పీడీఎఫ్ స్క్రీన్ రంగుల్లో పంపినా అదే నీడ వచ్చేది.

పాలకొల్లు_ప్రెస్
తమ్ముడూ, నువ్వు చెప్పింది అర్థమైంది. కానీ ఈ ముక్క 500 కార్డులు కొట్టక ముందు చెప్పే మనిషి ఎక్కడ దొరుకుతాడు? అదీ నా ప్రశ్న.

కొబ్బరాకు
రాజోలులో ఉండేవాడు, హైదరాబాద్ పారిపోయాడు.

రొయ్యల_రాజు
మండపేట గారు "డబ్బు కట్టిందే వాడాలి" అన్నారు కదా, నా కథ వినండి. ఆకివీడు దగ్గర రొయ్యల మేత, మందుల షాపు. మేత వ్యాపారం అంటే తెలుసుగా, అంతా అరువే. పంట పట్టాక, కౌంటు చూసి, కంపెనీవాళ్ళు డబ్బులేశాక అప్పుడు మనకి వస్తాయి. చెరువు చెరువుకీ ఖాతా ఉండాలి, రైతు పేరు మీద ఒకటి ఉంటే సరిపోదు. ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నా, పేరొద్దు. అమ్మేటప్పుడు ఇద్దరొచ్చారు, టై కట్టుకుని మరీ. ఏడాది సపోర్టు ఉందన్నారు.

పట్టుబడి సీజన్లో ఒక రాత్రి పదకొండింటికి సిస్టమ్‌లో లెడ్జరు తెరుచుకోలేదు. ఇద్దరు రైతులు, వాళ్ళ వెనకే ఇంకో నలుగురు, షాపు ముందు బల్ల మీద కూర్చున్నారు. ఫోను చేస్తే మిషను మాట్లాడింది. ఒకటి నొక్కండి, మూడు నొక్కండి. చివరికి మెయిలొచ్చింది, మీ టికెట్ నంబరు ఇంత, 48 గంటల్లో చూస్తాం అని. రైతుకి టికెట్ నంబరు చూపిస్తే ఊరుకుంటాడా? "ఏ సినిమాకండీ?" అన్నాడొకాయన.

పక్క వీధిలో మొబైల్ రిపేరు చేసే కుర్రాడొచ్చి గంటలో తీశాడు. వాడికి 300, ఒక బిరియానీ. అసలు సంగతి డిస్క్ నిండిపోవడం. సపోర్టు కంపెనీకి అది మూడో రోజు తెలిసింది.

మండపేట_మిల్లు
మరి మీరు డీలరు ఊళ్ళో ఉన్నవాడో కాదో చూసి కొనాలి కదండీ. సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు సాఫ్ట్‌వేర్ కాదు చూడాల్సింది, డీలరు ఇల్లెక్కడో చూడాలి.

రొయ్యల_రాజు
పిల్లనిచ్చేటప్పుడు చూసినట్టా?

కొబ్బరాకు
పుస్తెలమ్మి అయినా పులస తినమన్నారు పెద్దలు. పుస్తెలమ్మి సబ్‌స్క్రిప్షన్ కట్టమని ఎక్కడా చెప్పలేదు.

లెక్కల_మాస్టారు
రిటైరయ్యాను, అమలాపురం. ఇక్కడ ఒక మాట కలగాపులగం అవుతోంది. ఇంగ్లీషువాడికి 'ఫ్రీ' అని ఒకే మాట ఉంది, దాంతో డబ్బులివ్వక్కర్లేదనీ చెప్తాడు, స్వతంత్రంగా ఉందనీ చెప్తాడు. మనకి ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికా ప్రోగ్రామరు 1983లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పని ప్రకటించినప్పుడు ఆయన గోల స్వేచ్ఛ గురించే. సాఫ్ట్‌వేర్ లోపల ఏముందో చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వచ్చు. అమ్ముకోవచ్చు కూడా. రెడ్ హ్యాట్ కంపెనీ చేసింది అదే. కోడ్ అందరికీ కనపడేలా పెట్టి, వెనక నిలబడతానని చందా తీసుకుంది. 2019లో ఐబీఎం దాన్ని 3,400 కోట్ల డాలర్లకి కొంది. ఉచితంగా ఇచ్చేవాడు బికారి కానక్కర్లేదు.

ఇటువైపు ఉచితంగా దొరికే మొబైల్ యాప్‌లు ఉన్నాయి, వాటిల్లో స్వేచ్ఛ ఏమీ ఉండదు. రేపు రేటు పెడితే మన లెక్కలు వాళ్ళ దగ్గరే ఇరుక్కుంటాయి.

మండపేట_మిల్లు
మాస్టారూ, స్వేచ్ఛతో తవుడు లెక్క తేలదండీ.

లెక్కల_మాస్టారు
కెనడా ఆయన ప్రోగ్రాం కోడ్ మీ చేతిలో ఉండుంటే తేలేది.

రొయ్యల_రాజు
ఆయ్! మాస్టారు ఇంకా రిటైరవలేదు.

ఫార్మాట్_బాధితుడు
అందరూ డబ్బు కట్టేది, ఫ్రీది అని రెండే చెబుతున్నారు. మనూళ్ళల్లో మూడోది ఉంది, నిజం మాట్లాడుకుందాం. క్రాకు, అంటే డబ్బు కట్టకుండా తాళం పగలగొట్టిన దొంగ కాపీ. నూటికి ఎంతమందో నేను చెప్పను, ఎవరి సిస్టమ్ వాళ్ళకి తెలుసు.

నాది రావులపాలెంలో జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్. అన్నీ క్రాకులే నడిపా ఎనిమిదేళ్ళు. క్రాకు ఎక్కించేటప్పుడు మొదటి లైనే ఉంటుంది, యాంటీవైరస్ ఆపేయండి అని. ఇంటికి కాపలా పెట్టుకున్న కుక్కని కట్టేయమని చెప్పేవాడు ఎవడై ఉంటాడో నాకు అప్పుడు తట్టలేదు. ఒక సోమవారం పొద్దున తెరిచేసరికి ఫైళ్ళన్నీ పేర్లు మారిపోయి తాళం పడ్డాయి, డెస్క్‌టాప్ మీద ఒక చీటీ, బిట్‌కాయిన్‌లో కట్టమని. జనం స్కాన్ చేయించుకున్న కాయితాలు, నా బిల్లులు, మా పాప అన్నప్రాశన ఫోటోలు. ఫోటోలు మాత్రం మా బావమరిది ఫోన్లో ఉన్నాయి కాబట్టి ఇంట్లో బతికిపోయా.

అప్పట్నుంచి రెండు సిస్టముల్లో విండోస్ బదులు ఉబుంటు అనే ఉచిత లినక్స్, ఎక్సెల్, వర్డ్ లాంటి పనులకి ఉచిత లిబ్రేఆఫీస్. ఒక్కదాంట్లో విండోస్, డబ్బు కట్టిందే, ఎందుకంటే వేలిముద్ర పెట్టే పరికరం కంపెనీవాడు దాని డ్రైవరు విండోస్‌కే ఇచ్చాడు.

ఆడిటర్_గుమాస్తా
బిల్లింగ్ గురించి పాలకొల్లు గారికి. మీది సొంత పేరు మీద వ్యాపారమా, కంపెనీయా? 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్లో ఎడిట్ లాగ్ తప్పనిసరి. ఎవరు ఎప్పుడు ఏ ఎంట్రీ మార్చారో నమోదవ్వాలి, దాన్ని ఆపే వీలు ఉండకూడదు. ఆ రూలు కంపెనీలకే, సొంత వ్యాపారానికి లేదు. డీలరు "రూలు మారింది, కొత్తది కొనాలి" అంటే ఇది గుర్తుపెట్టుకోండి.

జీఎస్టీలో చిన్న వ్యాపారుల కోసం పెట్టిన కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నారా? ఉంటే మూడు నెలలకోసారి సీఎంపీ-08, ఏడాదికోసారి జీఎస్టీఆర్-4. మొదటిది పోర్టల్లోనే నింపొచ్చు, రెండోదానికి అక్కడే ఆఫ్‌లైన్ టూలు ఉంది, అదీ ఉచితమే. కోటిన్నర లోపు టర్నోవర్ వాళ్ళకి ఉచిత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అందించే ఏర్పాటు జీఎస్టీ నెట్‌వర్కే 2019లో చేసింది. చాలామందికి ఆ ముక్క తెలియదు.

కానీ ఒకటి. మీ ఆడిటర్‌కి ఏ రూపంలో ఫైలు కావాలో ముందు ఆయన్ని అడగండి. మా ఆఫీసుకి గ్నూక్యాష్ అనే ఉచిత లెక్కల సాఫ్ట్‌వేర్ ఫైలు తెచ్చే ఒక్కాయన ఉన్నారు, ఎప్పటికప్పుడు ఎక్సెల్‌లోకి మార్చుకొస్తారు. ఆయనొచ్చిన రోజు మేం టీ తెప్పిస్తాం, ఎందుకంటే ఆయన లెక్కలు అందరికంటే శుభ్రంగా ఉంటాయి.

పాలకొల్లు_ప్రెస్
సొంత పేరు మీదే. కాంపోజిషనే. డీలరు సరిగ్గా ఆ రూలు మాటే చెప్పి బెదిరించాడు.

కాలేజీ_ల్యాబ్
ఫ్రీవాళ్ళు మరీ ఎగరకండి. మా లైబ్రరీలో కోహా నడుపుతున్నాం. న్యూజిలాండ్‌లో ఒక చిన్న ఊరి లైబ్రరీ కోసం తయారై 2000లో బయటికొచ్చిన సాఫ్ట్‌వేర్ అది, బంగారం. దాని మీద నాకు ఒక్క మాట లేదు. మాకు దెబ్బ తగిలింది వేరే సర్వర్ దగ్గర. సెంటోస్ 8 అనే ఉచిత లినక్స్ వేసుకున్నాం, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయన్న నమ్మకంతో. 2020 డిసెంబర్‌లో ప్రకటించారు, 2021 డిసెంబర్ 31తో ఆపేస్తున్నాం అని. డబ్బు కట్టలేదు కాబట్టి అడిగే నోరు లేదు. దసరా సెలవులన్నీ సర్వర్ గదిలో గడిపి, దాని బదులు వచ్చిన ఆల్మాలినక్స్‌కి మార్చా. మా ఇంట్లో బతుకమ్మ, బొమ్మలకొలువు ఏదీ నాకు తెలియదు ఆ ఏడాది.

టెర్మినల్_తమ్ముడు
ఒప్పుకుంటా, అది మోసం లాంటిదే. కానీ మీ డేటా మొత్తం చెక్కుచెదరకుండా వేరేదానికి వెళ్ళింది కదా సార్? తాళం వాళ్ళ చేతిలో ఉన్న సాఫ్ట్‌వేర్ అయితే ఆ దారి కూడా ఉండేది కాదు.

డబ్బు కడితే గ్యారంటీ అనుకునేవాళ్ళకి ఒక మాట. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఒకటి తేడా కొట్టి 85 లక్షల విండోస్ సిస్టములు నీలం తెరతో పడిపోయాయి. అవన్నీ దండిగా డబ్బు కట్టినవాళ్ళవే. మన హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. కొనేటప్పుడు మనం చదవకుండా ఒప్పుకునే ఒప్పందంలో ఏముంటుందో చూడండి. మీ వ్యాపారానికి ఎంత నష్టమొచ్చినా, బాధ్యత మహా అయితే మీరు కట్టిన సొమ్ము వరకే అన్న తరహా మాట ఉంటుంది. ఫ్రీదాంట్లో అసలు వారంటీయే లేదని పైనే రాసి పెడతారు. రెండూ ఒకటే, ఒకాయన మర్యాదగా చెప్తాడు.

మనవైపు మచ్చ కూడా దాచను. అదే ఏడాది మార్చిలో ఎక్స్‌జెడ్ అని లినక్సుల్లో వాడే చిన్న సాఫ్ట్‌వేర్లోకి దొంగ దారి పెట్టారు. దాన్ని జీతం లేకుండా ఒక్కడే చూసుకుంటున్నాడు, అలసిపోయాడు, సాయం చేస్తానని వచ్చినవాడే ఆ దారి పెట్టాడు. లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేంటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వితే బయటపడింది. ఆయన పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లో.

మండపేట_మిల్లు
అంటే చివరికి జీతం తీసుకునేవాడే కాపాడాడన్నమాట. థాంక్స్ తమ్ముడూ.

టెర్మినల్_తమ్ముడు
కోడ్ కనపడేలా ఉంది కాబట్టి తవ్వగలిగాడు. ఇక్కడ ఆపేద్దాం, అన్నయ్య గారూ.

లేసు_లక్ష్మి
నరసాపురం. మాది లేసు పని, చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆడవాళ్ళకి దారం ఇచ్చి అల్లించి తీసుకుంటాం. మీరంతా పెద్ద పెద్దవి మాట్లాడుతున్నారు. నేను మొత్తం లిబ్రేఆఫీస్ కాల్క్‌లో పెట్టుకున్నా. ఒక షీటులో ఎవరికి ఎన్ని ఉండలిచ్చాం, ఇంకోదాంట్లో ఎన్ని ముక్కలొచ్చాయి. ఆరేళ్ళయింది, ఒక్క రూపాయి కట్టలేదు. తెలుగులోనే పేర్లు కొడతా. శుక్రవారం శుక్రవారం పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, మా తమ్ముడికి మెయిల్లో ఒక కాపీ. సపోర్టు అంటే మా తమ్ముడే, వాడికి సపోర్టు ఫీజు సంక్రాంతికి చొక్కా.

ఫార్మాట్_బాధితుడు
శుక్రవారం కాపీ అన్న ఒక్క మాట నాకు ఎనిమిదేళ్ళ కింద ఎవరైనా చెప్పుంటే.

పాలకొల్లు_ప్రెస్
ఒక్కటి మిగిలింది. నాన్నగారు చేసిన పాత ఫైళ్ళు వేలల్లో ఉన్నాయి. అన్నీ పేజ్‌మేకర్ 6.5వి. పెద్దమ్మాయి పెళ్ళికి కొట్టించుకున్నవాళ్ళు చిన్నమ్మాయికి "అదే కార్డు" కావాలంటారు. అందుకే క్రాకుల సిస్టమ్ ఒకటి ఇంకా తీసేయలేక ఉంచా. ఇప్పుడు డబ్బు కట్టి కొత్తది కొంటే ఇవి తెరుచుకుంటాయా?

టెర్మినల్_తమ్ముడు
ఇక్కడే తమాషా. 2001లో వచ్చిన 7 పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్, తర్వాత అది అమ్మే అడోబీ వాళ్ళే తమ కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌కి వెళ్ళిపొమ్మన్నారు. ఇన్‌డిజైన్ కూడా సీఎస్6 దాకానే పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరిచేది, సబ్‌స్క్రిప్షన్ వచ్చాక ఆ తలుపు మూసేశారు. లిబ్రేఆఫీస్ డ్రా మాత్రం 2015లో వచ్చిన 4.4 నుంచి వాటిని తెరుస్తోంది. మీ 6.5 ఫైలు (పేరు చివర పీ65 అని ఉంటుంది) ఒకటి పెట్టి చూడండి. అక్షరాలు పిచ్చిగీతల్లా వస్తే కంగారుపడకండి. అను ఫాంట్లు యూనికోడ్, అంటే ఇప్పుడు ఫోన్లలో, నెట్లో వాడే అక్షరాల పద్ధతి, కాదు, ఇంగ్లీషు అక్షరాల చోట్లో తెలుగు ముక్కలు పెట్టారు. ఆ గీతల్ని కాపీ చేసి కన్వర్టర్లో వేస్తే మామూలు తెలుగు వస్తుంది. అరసున్నాలు, కొన్ని ఒత్తులు చేత్తో దిద్దుకోవాలి.

కొబ్బరాకు
వాళ్ళ సొంత ఫైలు వాళ్ళు తెరవరు, డబ్బు తీసుకోనివాడు తెరుస్తాడు. పాలకొల్లు గారూ, మీ ప్రశ్నకి జవాబు ఏంటో నాకు ఇంకా తికమకగా ఉంది.

పాలకొల్లు_ప్రెస్
పదకొండు రోజులైంది, ఏం చేశానో చెప్తా.

పాత ఫైలు ఒకటి లిబ్రేఆఫీస్‌లో తెరిచా. 1999ది, నాన్నగారు చేసింది. అంచు డిజైను, కలశం బొమ్మ, కింద "బంధుమిత్రుల అభినందనలతో", అన్నీ ఎక్కడివక్కడున్నాయి, అక్షరాలు తప్ప. కన్వర్టర్లో వేసి దిద్దుకునేసరికి గంటన్నర పట్టింది. నాలుగు కార్డులు చేశాక ముప్పావుగంటకి వచ్చింది. అడిగినవే మార్చుకుంటా, వేలన్నీ కాదు.

బిల్లింగ్ రెన్యువల్ కట్టలేదు. డీలరుతో "నాది కంపెనీ కాదు, రూలు నంబరు చెప్పండి" అన్నా. మళ్ళీ చేస్తానన్నాడు, చేయలేదు. రెండు పాత సిస్టముల్లో లినక్స్, స్క్రైబస్. మూడోది కొత్తది కొని, ఫ్లెక్సీ డిజైనరు కోసం డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ ఒక్కటే తీసుకున్నా. అతను ఆ చెయ్యి తప్ప ఇంకోటి ఎరగడు, మాఘంలో అతనికి కొత్తది నేర్పే ఓపిక నాకు లేదు.

ఇక మనిషి సంగతి. మావాడి కాలేజీలో సీనియరు ఒకతను స్క్రైబస్‌లో ఊరి సంచిక పేజీలు కట్టాడంట. రెండు రోజులు వచ్చి మా ప్రెస్సులో కూర్చున్నాడు. రోజుకి 1,500 ఇచ్చా, భోజనం మా ఇంట్లో. నల్లక్షరం నల్ల ప్లేటు మీదే పడేలా ఒక ఖాళీ కార్డు తయారుచేసి పెట్టాడు, ఇక అందులోనే పేర్లు మార్చుకోవడం. భీమవరంలో ప్లేట్లు తీసే ఆయనతో ఫోన్లో పది నిమిషాలు మాట్లాడాడు. వాళ్ళిద్దరూ మాట్లాడిన భాష నాకు అర్థం కాలేదు గానీ మొన్న 300 కార్డులు కొట్టాం, నీడ లేదు. గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి వెలుతుర్లో నేనే తిప్పి చూశా.

రొయ్యల_రాజు
భోజనంలో ఏం పెట్టారు?

పాలకొల్లు_ప్రెస్
మొదటి రోజు పనసపొట్టు కూర. రెండో రోజు చేపల పులుసు, అందుకే సాయంత్రం ఏడింటిదాకా ఉన్నాడు.

మండపేట_మిల్లు
పాలకొల్లు గారూ, ఆ అబ్బాయికి ప్రోగ్రాములు రాయడం కూడా వచ్చేమో ఓసారి కనుక్కుంటారా? ఇక్కడ నంబరు పెట్టకండి, విడిగా మెసేజ్ చేయండి. ధాన్యం ప్రోగ్రాం సంగతి. కోడ్ మాత్రం మా దగ్గరే ఉండాలని ముందే చెప్పండి.

లెక్కల_మాస్టారు
😊

కొబ్బరాకు
అబ్బాయి రేటు 2,000 అయింది చూసుకోండి, మండపేట వాళ్ళకైతే రానుపోను ఛార్జీలు వేరే.